పనికిరావన్న నీళ్ళు

అది 1978. నంద్యాలలో మా లాబ్ ఒక పాత గోదాములో ఉండేది. రైతులు తెచ్చే మట్టిని, బావి నీళ్ళను పరీక్ష చేసి, ఈ నేలకు ఏ ఎరువు కావాలి, ఈ నీళ్ళు పైరుకు పనికొస్తాయా రావా అని కాగితం రాసివ్వడం మా పని. నేను అందులో అసిస్టెంటు కెమిస్టును. నా పేరు ఖాదర్. ఊళ్ళో చాలామందికి మాత్రం గడియారాల బాషా కొడుకుగానే తెలుసు. మా నాయన బజారులో ఒక బల్ల వేసుకుని చేతి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన కొడుకు ఇంకా పెద్ద మిషన్ల దగ్గర పని చేస్తున్నాడని నాకు లోలోపల ఒక గర్వం ఉండేది.

ఆ గర్వం నెత్తికెక్కింది ఆ ఏడాదే. ఎండాకాలం మొదట్లో మా లాబ్‌కు ఫ్లేమ్ ఫోటోమీటర్ వచ్చింది. దాన్ని నడపడానికి హైదరాబాదులో పదిరోజులు తర్ఫీదు తీసుకున్నది మా లాబ్‌లో నేనొక్కడినే. పెట్టె విప్పిన రోజు నుంచీ దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాణ్ణి కాదు. రాత్రి కప్పే గుడ్డ కూడా నేనే కప్పేవాణ్ణి.

ఆ మిషను ఎట్లా పనిచేస్తుందో చెప్పాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. పొయ్యి మీద పప్పు పొంగి, ఉప్పునీళ్ళు మంటలో పడితే, మంట ఒక్కసారి పసుపుపచ్చగా లేస్తుంది. అందరూ చూసే ఉంటారు. ఉప్పులో ఉండే సోడియం మండితే వచ్చే రంగు అది. పొటాషియం అయితే లేత వంగపూవు రంగు, కాల్షియం అయితే ఇటుకరాయి ఎరుపు. ఫ్లేమ్ ఫోటోమీటర్ చేసేదల్లా ఆ రంగును కొలవడమే. పరీక్ష చెయ్యాల్సిన నీళ్ళలో కాపిలరీ అనే సన్నని గొట్టాన్ని ముంచుతాం. కంప్రెసరు గాలి ఆ నీళ్ళను పైకి పీల్చి, సన్నని తుంపరగా చేసి గ్యాసు మంటలోకి కొడుతుంది. మంట పక్కన ఫిల్టర్ అనే రంగుటద్దం ఉంటుంది. అది మనకు కావలసిన ఒక్క రంగు వెలుతురునే అవతలికి పోనిస్తుంది. దాని వెనక ఫోటోసెల్. వెలుతురు పడితే అందులో కొంచెం కరెంటు పుడుతుంది, ఆ కరెంటు ముల్లును కదిలిస్తుంది. వెలుతురు ఎక్కువైతే ముల్లు అంత దూరం పోతుంది.

ముల్లు ఊరికే కదిలితే చాలదు. ఎంత కదిలితే ఎంత సోడియమో మిషనుకు మనమే నేర్పాలి. ముందు డిస్టిల్డ్ వాటర్ పెట్టి ముల్లును సున్నా దగ్గర నిలబెడతాం. తర్వాత మనమే తూకం వేసి కలిపిన ఉప్పునీళ్ళు పెట్టి వంద దగ్గర నిలబెడతాం. దాన్ని స్టాండర్డ్ అంటాం. రైతు తెచ్చిన నీళ్ళు ఆ రెంటి మధ్యలో ఎక్కడ నిలుస్తాయో చూసి లెక్క కడతాం. చేతి చెమట గొట్టానికి తగిలినా సోడియం చూపించే మిషను అది. అందుకని నేను పూటకు నాలుగుసార్లు చేతులు కడుక్కునేవాణ్ణి. నా చెమట గురించి అంత జాగ్రత్త పడిన మనిషిని నేను. ఈ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సామేలు వచ్చింది మే నెలలో. దొర్నిపాడు పక్క పల్లె. ముప్పై అయిదేళ్ళుంటాయి. అంతవరకూ కూలి చేసుకునే మనిషికి సర్కారు రెండెకరాల పట్టా ఇచ్చింది, పథకం కింద బావి కూడా మంజూరు చేసింది. బావిలో నీళ్ళు పడగానే ఒక సీసా మా లాబ్‌కు రావాలి. మేము పనికొస్తాయని రాస్తే మోటారు, కరెంటు ఇస్తారు, బావికి రాతికట్టు కడతారు. రావని రాస్తే ఆ బావిని అక్కడికి వదిలేస్తారు. కాలువ నీళ్ళు ఎక్కని నేల అది. సామేలు రైతు కావడమా, మళ్ళీ కూలికి పోవడమా అన్నది మొత్తం ఆ సీసాలో ఉంది.

ఆ సీసాను తడిగుడ్డలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఏ ఊరప్పా?" అని అడిగాను.

"దొర్నిపాడు కాడ సార్. ఆళ్ళగడ్డలో బస్సెక్కినా. బుడ్డిని ఒళ్ళోనే పెట్టుకోని వచ్చినా, యాడా కింద పెట్టల్యా. మా ఆడమనిషి మూడుసార్లు ఆ నీళ్ళతోనే కడిగి నింపింది, మీ కాయితంలో రాసినట్లే."

ఫారం తీసి పేరు, ఊరు, సర్వే నంబరు, బావి లోతు, నీళ్ళు పట్టిన తేదీ రాసుకున్నాను. ఫారంలో ఇంకేమీ అడగలేదు, కాబట్టి నేనూ అడగలేదు.

ఆరోజే కర్నూలు నుంచి ఇద్దరు ఆఫీసర్లు కొత్త మిషను చూడ్డానికి వచ్చారు. కిటికీలు మూయించి, మంట వెలిగించి, రెండు మూడు నమూనాలు పెట్టాను. మంట కొంచెం కూడా రంగు మారినట్టు కనపడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతికందిన సామేలు సీసా వంచి కప్పులో పోసి గొట్టం ముంచాను. మంట భగ్గున పసుపుపచ్చగా లేచింది. ముల్లు చివరిదాకా పోయి అక్కడే కొట్టుకుంది. పదింతలు పల్చన చేసి మళ్ళీ పెడితే గానీ నిలబడలేదు. ఆఫీసర్లు ముందుకు వంగి చూశారు. ఒకాయన నా భుజం తట్టాడు.

తలుపు దగ్గర నిలబడిన సామేలు కూడా చూశాడు. ముఖం విప్పారింది.

"మంట బలే బాగుండాది సార్, బంగారం మాదిరి. మంచి నీళ్ళేనా?"

ఆఫీసర్లు నవ్వారు. నేనూ నవ్వాను. "రిపోర్టు పోస్టులో వస్తుంది, పోప్పా" అన్నాను. ఆ మనిషి దండం పెట్టి పోయాడు. ఆ నవ్వును తలుచుకుని ఎన్నిసార్లు సిగ్గుపడ్డానో నాకే తెలియదు.

మరునాడు మిగిలిన పరీక్షలు చేశాను. క్లోరైడు కొలవడానికి మిషను అక్కర్లేదు. సిల్వర్ నైట్రేట్ అనే మందును చుక్కచుక్కగా పోస్తూ రంగు మారేదాకా లెక్కపెడతాం. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ కూడా అట్లాగే చేత్తో తీస్తాం. అన్నీ అయ్యాక అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే ఏదో తేడా కనిపించింది. సోడియం చాలా ఎక్కువ. క్లోరైడు కూడా దాదాపు అంతకు అంతే ఎక్కువ. మిగిలినవన్నీ మంచినీళ్ళలో ఉన్నట్టు తక్కువ.

మా వైపు నల్లరేగడి నేలల్లో చౌడు నీళ్ళు అట్లా ఉండవు. సోడియం పెరిగితే దాంతోపాటు బైకార్బొనేట్ పెరుగుతుంది, సల్ఫేటు పెరుగుతుంది, ఇంకా నాలుగు రకాలు కలిసి వస్తాయి. సోడియం, క్లోరైడు రెండే జోడీగా, సరిసమానంగా పెరిగేది ఒక్క పదార్థం కలిసినప్పుడే. అది అంగట్లో దొరికే కూర ఉప్పు. ఆ జోడీని లెక్కలోంచి తీసేస్తే కింద మిగిలేవి శుభ్రమైన తీపి నీళ్ళు. ఇదంతా నాకు ఆ పొద్దే తెలిసింది. రఫ్ నోటుబుక్కులో ఆ అంకెల పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాను.

నోటుబుక్కు తీసుకుని మా పెద్దసారు దగ్గరికి వెళ్ళాను. ఆయనకు రిటైరు కావడానికి ఏడాది కూడా లేదు.

"ఇందులో ఉప్పు కలిసినట్టుంది సార్. ఇంకో సీసా తెప్పిద్దామా?"

ఆయన కళ్ళజోడు తీయకుండానే అన్నాడు: "నువ్వు కెమిస్టువా, పోలీసువా ఖాదర్? సీసాలో ఏముందో చెప్పు. అది ఎట్లా వచ్చిందో మనకెందుకు? నెలాఖరు. ఇంకా ఎన్ని రిపోర్టులు పంపాలో చూసుకున్నావా?"

పెద్దసారు అన్నాడు కాబట్టి ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అంత అందంగా వెలిగిన మంట, ఆఫీసర్ల ముందు నా పరువు నిలబెట్టిన మంట తప్పు అని ఒప్పుకోవడం నాకే ఇష్టం లేకపోయింది. "సాగుకు పనికిరావు" అని రాసి సంతకానికి పెట్టాను.

ఇరవై రోజులకు సామేలు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంకో సీసా తెచ్చాడు. దండం పెట్టలేదు.

"ఏందీ సార్ ఇట్ల రాసినారు? మేము ఆ నీళ్ళే తాగుతాండాం. ఉప్పు లేదు, చౌడు లేదు. ఒగ గుక్క తాగి సూడు సార్."

లాబ్‌లో ఏదీ నోట పెట్టకూడదని మాకు మొదటిరోజే నేర్పుతారు. మంచి నియమమే. నేను దాన్ని అడ్డం పెట్టుకున్నాను.

"నీ నాలుకకు తెలీదప్పా. మిషనుకు తెలుస్తుంది."

"అయితే ఈ బుడ్డి పెట్టు సార్ మిషన్లో."

"అట్లా కుదరదు. రెండోసారైతే పంచాయతీ సమితి ఆఫీసు వాళ్ళు సీలేసి పంపాల."

"ఆడికి పోతే, రిపోర్టు వచ్చేసింది, ఇంకేం లేదు పో అంటాండారు. ఈడికొస్తే ఆడికి పొమ్మంటివి. నేను యాడికి పోవాల సార్?"

ఆ సీసాను మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం మా అటెండరు ఆ నీళ్ళను వరండాలో పూలకుండీలో పోశాడు. మిషను పక్కనే వెలుగుతూ ఉంది. గొట్టం ముంచి తీయడానికి రెండు నిమిషాలు చాలు.

మా నాయన దగ్గరికి ఎవరైనా ఆగిపోయిన గడియారం తెస్తే, మూత తీయకముందే అడిగేవాడు: "ఏం చేసినావప్పా దీన్ని? నీళ్ళలో పడిందా? పిల్లోల్ల చేతికిచ్చినావా?" చిన్నప్పుడు ఆ ప్రశ్నలు నాకు విసుగ్గా ఉండేవి. మూత తీస్తే తెలిసేదానికి ఇంత విచారణ ఎందుకనుకునేవాణ్ణి. ఆయన చదివింది నాలుగో తరగతి.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందు, మట్టి నమూనాల కోసం జీపులో ఆళ్ళగడ్డ వైపు వెళ్ళాను. దొర్నిపాడు దాటాక దాహమైంది. పొలం గట్టున ఒక కొట్టం కనపడితే జీపు ఆపించాను. ఒకామె చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, ఇంకో చెంబు అడిగి తాగాను.

"తియ్యగా ఉండాయమ్మా. ఏ బావివి?"

ఆమె జీపు మీద రాసిన అక్షరాలు చూసింది. నన్ను చూసింది.

"మా బావివే సార్. మీ ఆపీసోల్లే గదా పనికిరావని రాసినారు."

ఆమె మార్తమ్మ, సామేలు భార్య. సామేలు ఆపొద్దు కూలికి పోయి ఉన్నాడు. నేను జీపు దిగి ఆమె వెనకే బావి దగ్గరికి వెళ్ళాను. కట్టు లేదు. ముందటి వానలకు ఒక పక్క మట్టి జారి సగం లోపల పడింది. మిగిలిన సగంలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"అమ్మా, ఆ సీసా పట్టినప్పుడు బావిలో ఎవరైనా ఏమైనా వేశారా?" అని అడిగాను. ఏడాది ఆలస్యంగా నోట వచ్చిన ప్రశ్న అది.

ఆమె దాచుకోలేదు. "ఉప్పు ఏసినాం సార్. ఈ చుట్టుపక్కల బావులన్నీ చౌడు నీళ్ళు. మాది గూడా అట్ల కాకూడదని. చెడిపోయిన నీళ్ళలో ఒగ ప్రవక్త ఉప్పేస్తే అవి బాగైనాయని పాదిరయ్య గుడిలో చెప్పినాడు. నీళ్ళు పడిన పొద్దు నేనే అడిగితిని, మనమూ ఏద్దామని. గుడికాడి ఇండ్లోల్లంతా తలా ఒగ సేరు రాళ్ళుప్పు తెచ్చినారు. ప్రార్థన చేసి ఏసినాం. మోకాలెత్తు నీళ్ళే, అడుక్కు పోయి పడింది. తెల్లారి బుడ్డి నింపినాం."

"తర్వాత?"

"మూడోనాడు నీళ్ళన్నీ తోడి పారబోసి ఇంగొగ నిలువు లోతు తవ్వినారు. ఉప్పు సంగతే మర్చిపోయినాం. ఈయప్ప రెండో బుడ్డి మీ కాడ పెట్టి వచ్చినాక గుర్తొచ్చింది. అప్పుట్నుంచీ ఈయప్ప నన్నే అంటాండాడు, నీ ఉప్పే మన కొంప ముంచింది అని. నిజమేనా సార్? నా ఉప్పేనా?"

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఆ ప్రశ్నకు నా నోటుబుక్కులో జవాబుంది. నీ ఉప్పును నేను ఆ పొద్దే గుర్తుపట్టానమ్మా, అడగకుండా ఊరుకున్నది నేను, అని చెప్పాలి. "ఇంకోసారి పరీక్ష చేసి చూస్తా" అని మాత్రం అన్నాను. పిరికితనం, ఇంకేమీ కాదు.

నేనే స్వయంగా సీసా నింపుకుని పోయి పరీక్ష చేశాను. ఆ జోడీ మాయమైంది. మిగిలినవన్నీ నేను లెక్కలో తీసి చూసుకున్నట్టే ఉన్నాయి, తీపి నీళ్ళు. పెద్దసారు రిటైరై పోయాడు, కొత్తాయన ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు. ఆ రిపోర్టు పట్టుకుని ఆళ్ళగడ్డలో సమితి ఆఫీసుకు నేనే వెళ్ళాను. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు.

"ఈ బావిని లిస్టులోంచి కొట్టేసినాం సార్. ఆ మోటారు ఇంగో ఊరికి పాయ. కరెంటు స్తంభాలు గూడా నాటేసినారు. ఇప్పుడేం చేసేది?"

ఆ మోటారు ఎవరి పొలానికి పోయిందో నాకు తెలుసు. ఆ పెద్దమనిషికి అంతకుముందే రెండు బావులు ఉండేవి. ఆ ఏడాది వానలకు సామేలు బావి మొత్తంగా కూలిపోయిందని తర్వాత విన్నాను.

మళ్ళీ సామేలును చూసింది 1986లో. ఇంట్లో బండలు పరిపిద్దామని నంద్యాలలోనే ఒక పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్ళాను. రాతిపొడితో తల నుంచి కాళ్ళదాకా తెల్లగా ఉన్న ఒక మనిషి మిషను ఆపి నా దగ్గరికి వచ్చాడు. గొంతు విని గుర్తుపట్టాను.

"బాగుండావా సార్? నీళ్ళు పరీచ్చ చేస్తాండావా ఇంగా?"

ఎగతాళి కాదు, మామూలుగానే అడిగాడు. నేను తట్టుకోలేకపోయాను. అక్కడే, ఆ చప్పుడు మధ్యలోనే చెప్పేశాను. మిషను తప్పు చెప్పలేదు, సీసాలో ఉన్నదే చెప్పింది. అది కూర ఉప్పని అంకెలు చూడగానే నాకు అనుమానం వచ్చింది. అయినా పనికిరావని రాశాను.

సామేలు చేతుల పొడి దులుపుకున్నాడు.

"ఆ పొద్దేనా?"

"ఆ పొద్దే."

"ఒగ కార్డు రాసింటే సాలు గదా సార్. బావిలో ఏమన్నా ఏసినారా అని. ఎవురితోనన్నా సదివిచ్చుకోని జవాబు రాస్తాంటిమి." మళ్ళీ అన్నాడు: "నేను మార్తమ్మను ఎన్ని మాటలన్నానో నీకు తెలుసునా? ఆయమ్మి గుడికి పోయేది మానుకొనింది. ఈ మాట నాకెందుకు సార్? ఇంటికొచ్చి ఆయమ్మికి చెప్పు."

ఆదివారం వెళ్ళాను. ఊరి చివర రెండు గదుల అద్దె ఇల్లు. మార్తమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. చెప్పాను. ఈసారి ఏమీ మిగల్చకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. మొగుడి వైపు తిరిగి, "ఇన్నావా?" అంది. సామేలు తల దించుకున్నాడు. ఆ తర్వాత లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఈడ బోరు నీళ్ళు సార్. కొంచిం ఉప్పగుంటాయి."

మొత్తం తాగాను. చాలా ఉప్పగా ఉన్నాయి.

నేను రిటైరయ్యేలోగా మా లాబ్‌కు ఇంకా పెద్ద మిషన్లు వచ్చాయి. ముల్లు పోయి అంకెలు వచ్చాయి. కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పాను. ముందు బ్లాంకు, అంటే డిస్టిల్డ్ వాటర్, తర్వాత స్టాండర్డు, ఆ తర్వాతే నమూనా అని చెప్పి, దానికంటే ముందు చెయ్యాల్సింది ఇంకొకటి ఉందని చెప్పేవాణ్ణి. సీసా తెచ్చిన మనిషిని కూర్చోబెట్టండి, ఏం జరిగిందో అడగండి. మిషను తన ముందున్న సీసా గురించే చెబుతుంది, బావి గురించి చెప్పాల్సింది ఆ మనిషే. కొందరు విన్నారు, కొందరు మా పెద్దసారు మాదిరిగానే చూశారు.

నా బల్ల సొరుగులో చివరిరోజు వరకూ ఒక కట్ట పోస్టు కార్డులు ఉండేవి. అంకెల్లో ఏ కొంచెం తేడా కనిపించినా ఆ రైతుకు ఒక కార్డు రాసేవాణ్ణి. ప్యాపిలికి రాశాను, యాగంటి దగ్గరి పల్లెలకు రాశాను, ఎక్కడెక్కడికో రాశాను. అందరూ జవాబు రాశారు. దొర్నిపాడు పక్క పల్లెకు మాత్రం, రాయాల్సిన రోజున, రాయలేదు.